చెల్లెలి బట్టీ, అన్నయ్య కాటా

నది దాటాలంటే ఒకటే వంతెన. ఆ వంతెనకి ఇవతల ఓ కాటా, కాటా పక్కన ఓ గది, గదికి ఓ కిటికీ, కిటికీ వెనకాల ఓ మనిషి. ఆయన్ని డ్రైవర్లందరూ కాటాబాబు అంటారు. ఆయన అసలు పేరు ఆయన జీతం కాగితం మీద ఉంటుందేమో, మనకెందుకు.

వంతెన ముసలిది. ఎక్కే ప్రతి బండినీ ముందు తూచి, చీటీ రాసి, అప్పుడు పంపాలని రూలు. బండి తన శక్తికి మించి మోస్తున్నా, వెనకాల తగిలించుకున్న ట్రైలర్ని శక్తికి మించి లాగుతున్నా చీటీ లేదు. ఎక్కువైన సరుకు ఇవతల దించుకోవాలి, మిగతాది అవతల చేర్చి మళ్ళీ వచ్చి తీసుకెళ్ళాలి. ఏడ్చి మొత్తుకున్నా అంతే. పద్దెనిమిదేళ్ళలో కాటాబాబు ఒక్క కిలో కూడా చూసీచూడనట్టు వదల్లేదు. ఆయన మంచివాడే. ఈ మాట ముందే చెప్పి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే కథ సగానికొచ్చేసరికి మీకు అనుమానం రావచ్చు.

ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాదే వరదొచ్చి, కాటాని సరిచూసే ఇనప గుండ్లు కొట్టుకుపోయాయి. ఇనప గుండ్లు కొట్టుకుపోవడమేమిటని పైఆఫీసు అడిగింది. షెడ్డుతో సహా పోయాయని ఈయన రాశాడు. కొత్తవి పంపడానికి టైం పడుతుందన్నారు. కాటాని సరిచూడకుండా బళ్ళు తూచడం ఈయన ప్రాణానికి ఒప్పదు. ఆస్పత్రికెళ్ళి తూయించుకుని, "నా బరువు సరిగ్గా తొంభై కిలోలు, గుండ్లొచ్చేదాకా నన్నే వాడుకుంటాను" అని సర్టిఫికెట్ జతచేసి పంపాడు. పైఆఫీసులో ఎవరో మహానుభావుడు దాన్ని చదవకుండానే "అంగీకరించడమైనది" అని సంతకం పెట్టాడు. ఆ తర్వాత గుండ్లు రాలేదు, వస్తాయని ఎవరూ ఎదురుచూడలేదు. ఆఫీసు సామాన్ల జాబితాలో మాత్రం కాటా, కుర్చీ, గొడుగు అయ్యాక నాలుగో వరసలో "ప్రమాణపు బరువు, ఒకటి, ప్రాణమున్నది" అని చేరింది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి కాటాకో సీలు, ఈయన చొక్కా భుజం మీద ఊదారంగు సిరాతో ఓ సీలు వేసి, టీ తాగి వెళ్ళిపోయేవాడు.

రోజూ పొద్దున ఆరింటికి కాటాబాబు స్నానం చేసి, సీలున్న చొక్కా తొడుక్కుని, కాటా పలక నడిమధ్యన నిలబడి కిటికీలోంచి ముల్లు కేసి చూసేవాడు. ముల్లు తొంభై దగ్గర ఆగాలి. ఎప్పుడూ వెంట్రుకవాసి కిందే ఆగేది. "స్ప్రింగు ముసలిదైపోయింది, బద్ధకం" అని గొణుక్కుంటూ లోపలికొచ్చి, స్ప్రింగుని వదులు చేసే మర కాస్త తిప్పి, మళ్ళీ పలకెక్కి చూసుకునేవాడు, ముల్లు తొంభైకొచ్చేదాకా. అలా రోజుకింత. షుగరొచ్చిందని డాక్టరు తిండి తగ్గించమన్నాక కూడా అలాగే తిప్పుకుంటూ వచ్చాడు. చొక్కాలు వదులైపోతుంటే, దర్జీ గుడ్డ మిగుల్చుకోవడం మానేసి బుద్ధిమంతుడయ్యాడని సంతోషించాడు. ఇంట్లో ఆయన ఒక్కడే. చిక్కిపోయావయ్యా అని చెప్పే దిక్కు ఆయన చెల్లెలొక్కతే. ఆవిడ ఆ మాట అన్నప్పుడల్లా, "తొంభై కిలోలు, పొద్దున్నే చూసుకున్నాను" అని నోరు మూయించేవాడు. సాక్షాత్తూ ముల్లు చెబుతుంటే ఇంకేం మాట్లాడుతుంది, పాపం!

ఆ చెల్లెలి గురించే ఈ కథంతా.

ఆవిడది బేకరీ. పేరుకి బేకరీ గానీ, అద్దె గదిలో ఓ రేకు పొయ్యి. నదికి అవతలి పట్నంలో మార్కెట్టు మూల మీద బండి పెట్టుకునే చోటు కోసం ఆవిడ ఆరేళ్ళ కిందట పేరు రాయించుకుంది. ఆరేళ్ళకి ఆవిడ వంతొచ్చింది. మార్కెట్టు సూపర్నెంటు ఓ షరతు పెట్టాడు. ఫలానా రోజు సాయంత్రం నాలుగింటికల్లా బట్టీ ఆ మూల మీద ఉండాలి, అందులో నిప్పు రాజుకుని ఉండాలి. లేకపోతే చోటు జాబితాలో తర్వాతివాళ్ళకి పోతుంది, ఈవిడ పేరు మళ్ళీ అట్టడుగుకి చేరుతుంది. అట్టడుగు నుంచి పైకి రావడానికి మళ్ళీ ఆరేళ్ళు. అప్పటికి తన మోకాళ్ళు పనిచెయ్యవని చెల్లెలు పైకే అనేసింది.

రొట్టెలు కాల్చే బట్టీని ఓ ట్రైలర్ మీద ఆవిడ మొగుడు కట్టాడు. ఆయన తాపీమేస్త్రీ. మేస్త్రీకి పల్చటివంటే నమ్మకం లేదు. ట్రైలర్ మీద కట్టేదైనా సరే, తరతరాలు నిలబడాలంటాడు. గుమ్మటంలా కప్పు వేసి నిప్పిటుకలతో కట్టుకుంటూ పోయాడు. చెల్లెలు పక్కనే బస్తాలు తూచే చిన్న కాటా పెట్టుకుని, ప్రతి ఇటుకా, ప్రతి తట్టా సున్నం తూచి మరీ అందించింది. పిండిలో పది గ్రాములు తేడా వస్తే బన్ను పొంగదని తెలిసిన మనిషి ఆవిడ. ట్రైలర్, బట్టీ, కట్టెలు, పిండి బస్తాలు, రేకులు, ఆ చిన్న కాటా, అన్నీ కలిపి రెండువేల నాలుగువందల ఎనభై కిలోలని నోటు పుస్తకంలో రాసి అన్నయ్యకి చూపించింది.

ఇక దాన్ని లాగే బండి. ఆ పని కాటాబాబు నెత్తినేసుకున్నాడు. బండ్లమ్మే అతను ఓ పాత పికప్ చూపించి, ఇది కొండనైనా లాగుతుందన్నాడు. కొండ బరువెంతో కాగితం మీద రాసిమ్మన్నాడు కాటాబాబు. అతను ఇంజను శబ్దం వినమన్నాడు. ఈయన ఇంజను కేసి చూడనేలేదు, డ్రైవరు తలుపు తెరిచి, దాని అంచున దుమ్ము పట్టిన రేకు ముక్కని జేబురుమాలుతో తుడిచి చదివాడు. లాగగలిగే బరువు రెండువేల ఐదువందలు. చెల్లెలి ట్రైలర్ పోను ఇరవై కిలోలు మిగులు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఇంకా పెద్ద బండి తీసుకుందామని మేస్త్రీ అంటే, కాటాబాబు అరగంట సేపు పాఠం చెప్పాడు. లాగడానికేముంది, ఎద్దయినా లాగుతుంది, వంతెన దిగేటప్పుడు ఆపాలి, అదీ సంగతి. ట్రైలర్ బరువులో పదోవంతు కొక్కెం మీద పడాలి, తక్కువైతే ట్రైలర్ తోక ఊపుతుంది, ఎక్కువైతే పికప్ ముక్కు ఎత్తుతుంది. పికప్‌లో ఎక్కే మనుషులు కూడా బరువే, కాబట్టి చుట్టాల్నెవర్నీ ఎక్కించకూడదు. మేస్త్రీ అన్నిటికీ తలూపి, ఓ పక్కనుంచి రెండు సిమెంటు బస్తాలు పికప్‌లో వెయ్యబోతే కాటాబాబే అడ్డుపడి దింపించాడు.

ఆ రోజు రానే వచ్చింది. పదిన్నరకి పికప్ వంతెన దగ్గరికొచ్చేసరికి ఎనిమిది లారీలు వరసలో ఉన్నాయి. చిత్రమేమిటంటే, కాటాబాబు చెల్లెలని తెలిసి డ్రైవర్లే పక్కకి తప్పుకుని దారిచ్చారు. అక్కడితో ఊరుకుంటే పోయేది. కాటాబాబు బయటికొచ్చి డ్రైవర్లందర్నీ దగ్గరికి పిలిచాడు. పద్దెనిమిదేళ్ళుగా ఫ్యాక్టరీవాళ్ళు తూచి రాసిచ్చిన చీటీల్లో ఒక బరువు, నా ముల్లు మీద ఒక బరువు చూపిస్తూ వచ్చారు కదా, ఇంట్లో తూచిందీ ఇక్కడ తూగేదీ ఒకటే అయిన బరువు ఎలా ఉంటుందో చూడండి, చూసి నేర్చుకోండి అన్నాడు. నోటు పుస్తకం తీసి అంకె పైకి చదివాడు. కొక్కెం విప్పించి, పికప్‌ని ముందుకి పంపి, ట్రైలర్ని ఒక్కదాన్నే కాటా మీద నిలబెట్టించాడు.

ముల్లు ఊగింది, తూలింది, మూడువేల ఒకవంద దగ్గర ఆగింది.

డ్రైవర్లలో పెద్దాయన, గుబురు మీసాలాయన, ఒక్కసారి దగ్గి ఊరుకున్నాడు. కాటాబాబు మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. కిటికీ అద్దం తుడిచి మళ్ళీ చూశాడు. అద్దం తుడిస్తే బరువు తగ్గుతుందా?

"ఆరువందల ఇరవై కిలోలు ఎక్కడ దాచావు బావా?" అని మేస్త్రీని నిలదీశాడు.

మేస్త్రీ తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. బట్టీ లోపల ఇనుము వేశావా అంటే లేదన్నాడు. కింద రాయి పరిచావా అంటే లేదన్నాడు. కాటాబాబు బట్టీలో తల దూర్చి వెతికాడు, ట్రైలర్ కింద పడుకుని వెతికాడు, కట్టెల మోపు విప్పించి ఒక్కో కట్టెనీ తట్టి చూశాడు. ఆరువందల ఇరవై కిలోలంటే చీమా దోమా? ఓ గేదె కనపడకుండా ఎక్కడుంటుంది? డ్రైవర్లు కూడా తలో చెయ్యి వేశారు, తలో మాట అన్నారు. రాత్రి మంచుకి ఇటుకలు నీళ్ళు తాగి ఉంటాయన్నాడొకడు. టైర్లలో గాలి ఎక్కువైందేమో అన్నాడింకొకడు, అని రెండు టైర్లలో గాలి తీసేశాడు కూడా. ఆరేళ్ళ ఆశ కదమ్మా, ఆమాత్రం బరువుండదా అని మీసాలాయన చెల్లెలితో మెల్లగా అన్నాడు. ఆ ఒక్క మాటకే చెల్లెలు నవ్వింది.

పన్నెండయింది. తీసిన గాలి మళ్ళీ కొట్టారు. ఇక లాభం లేదని కాటాబాబు తన రూలు తన చెల్లెలికే వినిపించాడు. పికప్ లాగగలిగేది రెండున్నర వేలు, ట్రైలర్ మూడువేల వంద, కాబట్టి ఆరువందలు దించాలి. తోడబుట్టినదైతే ఏమిటి, ఎవరైతే ఏమిటి. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చెల్లెలి మొహం కేసి చూడలేకపోయాడు.

ముందు పిండి బస్తాలు దించారు. నాలుగు బస్తాలు, ఒక్కోటి పాతిక కిలోలు. ముల్లు రెండువేల తొమ్మిదివందల డెబ్భైఐదుకి దిగింది. దించినదానికన్నా ఎక్కువే తగ్గిందని మేస్త్రీ పొంగిపోయాడు. ఈ లెక్కన సాయంత్రానికి గట్టెక్కుతామని డ్రైవర్లు కూడా హుషారు చేశారు. దేవుడిచ్చింది వద్దనేదెవరు?

చెల్లెలు మాత్రం నవ్వలేదు. వంద కిలోలు దించితే నూట పాతిక ఎలా తగ్గుతుంది? ఆవిడ అన్నయ్య కేసి చూసింది. బెల్టు చివర నడుం చుట్టూ తిరిగి వీపు దాకా పోయింది. చొక్కా చేతుల్లో ఇంకో మనిషి దూరేంత చోటుంది. పొద్దున్నే ఆయన కాటా ఎక్కి దిగి మర తిప్పుకోవడం ఆవిడ ఎన్నిసార్లు చూసిందో. ఇక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేకపోయింది. ట్రైలర్లోంచి చిన్న కాటా దించి గదిలోకి మోసుకెళ్ళి, అన్నయ్యని లోపలికి పిలిచి తలుపేసింది.

"ఎక్కు అన్నయ్యా" అంది.

కాటాబాబు ఎక్కనన్నాడు. ప్రమాణపు బరువుని పిండి తూచే కాటా మీద తూచడానికి నిబంధనలు ఒప్పుకోవన్నాడు. చొక్కా మీద సీలు చూపించాడు. చెల్లెలు కాటా పక్కనే ఊరికే నిలబడింది. చిన్నప్పట్నించీ ఆవిడ అలా నిలబడితే ఈయన గెలిచిందెప్పుడని? చెప్పులు విడిచి ఎక్కాడు.

డెబ్భైరెండు.

నీ కాటా తప్పన్నాడు. ఆవిడ బయటికెళ్ళి, దించిన బస్తాల్లో మిల్లు సీలు విప్పని బస్తా ఒకటి తెచ్చి దాని మీద పెట్టింది. పాతిక. దాన్ని దించి మళ్ళీ ఆయన్ని ఎక్కమంది. మళ్ళీ డెబ్భైరెండే.

కాటాబాబు కుర్చీలో కూలబడ్డాడు. లెక్కలు ఆయనకి చెప్పాలా? డెబ్భైరెండుని తొంభై అనిపించే ముల్లు నాలుగుని ఐదు అంటుంది. వెయ్యి తూగేదాన్ని వెయ్యిన్నీ రెండువందల యాభై అంటుంది. చెల్లెలి ట్రైలర్ రెండువేల నాలుగువందల ఎనభైయే. పొద్దున వచ్చింది వచ్చినట్టు వంతెనెక్కి వెళ్ళిపోవాల్సిన బండి అది. ఇవాళ్టి సంగతి సరే. ఏడాదికో కిలో చొప్పున ఈ ఒంట్లోంచి కరిగిపోయినప్పుడల్లా ఎన్ని లారీలు, ఎందరు డ్రైవర్లు, ఎన్ని బస్తాలు? ఫ్యాక్టరీ చీటీ చూపించిన ప్రతివాణ్ణీ దొంగ అన్నాడు. మొహం మీదే అన్నాడు.

చెల్లెలు ఆయన ముందు గొంతుక్కూర్చుంది.

"నేనెవరికీ చెప్పను. ఇప్పుడు నన్ను ఉత్తినే పంపావనుకో, చెల్లెలని వదిలేశాడంటారు. కాటా తప్పని చెప్పావనుకో, బయట ఎనిమిదిమంది ఉన్నారు, నిన్నేం చేస్తారో. నీకీ పేరొక్కటేగా మిగిలింది. నా బట్టీ సంగతి నేను చూసుకుంటాలే."

అని లేచి బయటికెళ్ళి, కప్పు విప్పెయ్యమని మొగుడితో చెప్పింది.

కప్పు విప్పితే ముల్లు దిగుతుంది, చీటీ వస్తుంది. కానీ కప్పు లేని బట్టీలో నిప్పు నిలవదు, నిప్పు లేకపోతే చోటు లేదు. మేస్త్రీకి ఇది అర్థం కాక రెండుసార్లు అడిగాడు. ఆవిడ రెండుసార్లూ విప్పెయ్యమనే చెప్పింది. కారణం మాత్రం చెప్పలేదు. మేస్త్రీ ఉలి, సుత్తి తీసుకుని ట్రైలర్ ఎక్కాడు. తన చేత్తో పేర్చిన ఇటుకల మీద ఉలి ఆనించి, ముక్కు చీదుకుని, ఒక్క దెబ్బ వేశాడు. తరతరాలు నిలవాల్సిన ఇటుక కదా, అది రాలేదు. రెండో దెబ్బకి ఊడొచ్చి కాటా పలక మీద ఠంగున పడింది.

ఆ చప్పుడు గదిలోకి వినపడింది. కాటాబాబుకి పేరంటే ప్రాణం, నిజమే. పద్దెనిమిదేళ్ళు ఆ పేరు కప్పుకునే నిద్రపోయాడు. ఎవరూ ఏమీ అడగలేదు, ఇంకో గంట గదిలోనే కూర్చుంటే పేరు పేరుగానే ఉంటుంది, చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే. మేస్త్రీ మూడో దెబ్బకి సుత్తి ఎత్తేసరికి ఆయన పరిగెత్తుకొచ్చి ట్రైలర్ ఎక్కి ఆ చెయ్యి పట్టుకున్నాడు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

"ఆపు బావా. తప్పు బట్టీది కాదు, నాది. కాటా తప్పు చూపిస్తోంది. ఎప్పట్నించో తప్పు చూపిస్తోంది. నేను చిక్కిపోతూ వచ్చాను, చిక్కినప్పుడల్లా ముల్లుని తిప్పుతూ వచ్చాను. మీ ఫ్యాక్టరీ చీటీలన్నీ నిజమే" అన్నాడు, డ్రైవర్ల వైపు తిరిగి.

డ్రైవర్లు విన్నారు. విని, ఒక్కరూ నమ్మలేదు.

దానికేమంటారు మరి? ఇన్నేళ్ళూ నిజం చెబుతున్నామని మొత్తుకుంటే ఆయన వాళ్ళని నమ్మలేదు. ఇప్పుడు ఆయన నిజం చెబితే వాళ్ళు నమ్మరు. చెల్లెలి కోసం కాటానే తప్పంటున్నాడని ఒకడు మొహం తిప్పుకున్నాడు. కాటాబాబు అబద్ధమాడడం చూడాల్సొచ్చిందే అని ఇంకొకడు బాధపడ్డాడు. మీసాలాయన అయితే వంతెన మొగదలకెళ్ళి అడ్డంగా నిలబడ్డాడు.

"కాటా తప్పని ఒప్పుకుంటే మేం ఇన్నేళ్ళూ దించింది ఉత్తి పుణ్యానికా? కుదరదు బాబూ. కాటా రైటే. ఆ అమ్మాయిని సరుకు దించమనండి" అన్నాడు.

కాటాబాబు గదిలోంచి చిన్న కాటా మోసుకొచ్చి రోడ్డు మధ్యన పెట్టాడు. ముందు మీ సరుకు పెట్టి చూసుకోండన్నాడు. ఓ లారీలోంచి సిమెంటు బస్తా దించి పెట్టారు. యాభై. ఇంకో లారీలోంచి పెట్టారు. అదీ యాభై. అప్పుడాయన సీలున్న చొక్కా సవరించుకుని ఎక్కి నిలబడ్డాడు. ఎనిమిదిమందీ వంగి చూశారు. డెబ్భైరెండు. మీసాలాయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు.

మీసాలాయనే ముందు మాట్లాడాడు. ప్రతి ట్రిప్పుకీ, ఏడాదికింత ఎక్కువగా, చివరికి అయిదోవంతు సరుకు ఇక్కడ దించి, మిగతాది అవతల చేర్చి, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళేవాణ్ణన్నాడు. ఇంటికెళ్ళేసరికి పిల్లలు పడుకునేవాళ్ళట. వాళ్ళు పెద్దవాళ్ళైపోయాక గానీ మెలకువగా ఉండగా చూడలేదట. ఇదంతా కోపంగా చెప్పలేదు, లోడు వివరాలు చెప్పినట్టు చెప్పాడు. కాటాబాబుకి తిట్టినా బాగుండేదనిపించింది.

"ముందు ఆ అమ్మాయిని పంపించండి, రెండు దాటింది" అని మీసాలాయన దారిలోంచి తప్పుకున్నాడు.

పిండి బస్తాలు డ్రైవర్లే ఎక్కించారు. చిన్న కాటా ఇక్కడ అవసరం ఉంటుందని చెల్లెలే వదిలేసింది. కప్పులో పడ్డ కన్నానికి మేస్త్రీ తడిమట్టి కూరాడు. కొక్కెం బిగించారు, గొలుసులు తగిలించారు. కాటాబాబు చీటీ పుస్తకం తీసి, ముల్లు కేసి చూడకుండా, రెండువేల నాలుగువందల ఎనభై లోంచి ఊడిన ఇటుక మూడు కిలోలు, చిన్న కాటా ఏడు కిలోలు తీసేసి, రెండువేల నాలుగువందల డెబ్భై అని రాసి సంతకం పెట్టాడు. చెల్లెలు చీటీ అందుకుని ఆయన చెయ్యి గట్టిగా నొక్కి పికప్ ఎక్కింది. ట్రైలర్ తోక ఊపలేదు, పికప్ ముక్కు ఎత్తలేదు. వంతెన మీద బుద్ధిగా సాగిపోయింది. ఆ సాగడం చూసి డ్రైవర్లలో ఒకడు "ఎంత బాగా సరిపోయిందిరా" అనకుండా ఉండలేకపోయాడు.

తర్వాత వంతు లారీలది. కాటాబాబు గదిలోకి వెళ్ళలేదు. చిన్న కాటా మీద అలాగే నిలబడ్డాడు. ఒక్కో లారీ వచ్చి ఆగేది, డ్రైవరు దిగి, డెబ్భైరెండు కేసి ఓసారి చూసి, ఫ్యాక్టరీ చీటీ ఇచ్చేవాడు. కాటాబాబు ఫ్యాక్టరీ చీటీలో ఏముంటే అదే రాసిచ్చి, "తప్పు నాదే" అనేవాడు. ఒకడు సర్లెమ్మన్నాడు. ఒకడు కాటా పలకని కాలితో తన్ని వెళ్ళాడు. ఒకడు నమస్కారం పెట్టాడు. కాళ్ళు లాగుతున్నా ఆయన దిగలేదు. ఆరో లారీ వెళ్ళేటప్పటికి అవతలి ఒడ్డున మార్కెట్టు వైపు నుంచి సన్నగా పొగ లేచింది. టైం నాలుక్కి పది నిమిషాలు తక్కువ. కాటాబాబు దాని కేసి చూసి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ చీటీ పుస్తకం తెరిచాడు.

మీసాలాయన తన ముందు అందర్నీ పోనిచ్చి ఆఖరున వచ్చాడు. ఇంజను ఆపి దిగాడు. చీటీ ఇవ్వలేదు. చిన్న కాటా ముందు నిలబడి, అంకె కేసి కాకుండా, ఆయన మెడ కేసి, మణికట్ల కేసి, దవడల కేసి చూశాడు. కాటాబాబు తల వంచుకునే "తప్పు నాదే" అన్నాడు.

"మాదీ ఉంది బాబూ" అన్నాడు మీసాలాయన. "మా కళ్ళముందే పద్దెనిమిది కిలోలు కరిగిపోయారు. రోజూ ఇక్కడే నిలబడి ముల్లు కేసి చూశాం, మీ కేసి ఒక్కళ్ళమూ చూళ్ళేదు. అన్నం తింటున్నారా అసలు?"

మీసాలాయన చెయ్యి అందించి ఆయన్ని కాటా మీద నుంచి కిందికి దింపాడు. దింపుతూ, ఇంత తేలికా అనుకుని, చెయ్యి వెంటనే వదల్లేకపోయాడు.